కథలును శాస్త్రములును: పిల్లల చేతికి రెండును ఈయవలెను



ప్రతి సంవత్సరము ఈ సంచికలో పరీక్షా ఫలితములను గూర్చియు, పిల్లల హాజరును గూర్చియు వ్రాయుట ప్రధానోపాధ్యాయునిగా నాకు అలవాటు. ఈ పర్యాయము మన పాఠశాల గ్రంథాలయపు బీరువాను గూర్చి వ్రాయ సంకల్పించితిని. పిల్లలు ఏమి చదువుచున్నారు, ఏమి చదువుట లేదు, ఇంటియొద్ద మీరును పాఠశాలలో మేమును ఏమి చేయవలెను అను విషయములు మార్కుల పట్టికకంటె తక్కువైనవి కావని నా నమ్మకము.

నా పొరపాటు

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక విద్యార్థి తండ్రిగారు నా గదికి వచ్చి, “అయ్యవారూ, మావాడు పాఠం పుస్తకంలో కథల పుస్తకం దాచిపెట్టుకొని చదువుతా ఉన్నాడు. చదవేస్తే ఉన్న మతి పోయిందన్నట్టుంది. ఆ కథలు మాన్పించండి” అని మొరపెట్టుకొనిరి. ఆయన బాధలో న్యాయము లేకపోలేదు. ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షలు దగ్గరపడుచుండెను. నేను వెంటనే కథలను, నవలలను ఒక పెట్టెలో పెట్టించి తాళము వేయించితిని. విజ్ఞానశాస్త్రము, చరిత్ర, జీవితచరిత్రలు మాత్రమే బీరువాలో మిగిలినవి. ఇక పిల్లలు ఉపయోగకరములగు గ్రంథములనే చదువుదురని తలంచితిని.

సంవత్సరాంతమున చిట్టా తెరచి చూడగా, పుస్తకములు తీసికొన్నవారి పేర్లతో ఒక పుట కూడ నిండలేదు. కథలు అందని పిల్లలు శాస్త్రగ్రంథముల వైపు రాలేదు. అసలు బీరువా వైపే రాలేదు. ఆ తండ్రిగారి కుమారుడును పాఠ్యపుస్తకము, గైడు తప్ప మరేదియు ముట్టలేదు.

మరుసటి సంవత్సరము పెట్టె తాళము తీయించితిని. పిల్లలు మరల వచ్చిరి. కాని వచ్చినవారందరు కథలనే తీసికొనిపోయిరి. వారిలో ఎనిమిదవ తరగతి బాలిక యొకతె కనబడిన కథాపుస్తకమునెల్ల చదివెడిది. చంద్రగ్రహణము పట్టిన మరునాడు ఆమె నన్నొక ప్రశ్న అడుగగా, “దానిని గూర్చి మంచి పుస్తకమున్నది, చదువు తల్లీ” అంటిని. ఆమె ఆశ్చర్యపడి, “అట్లాంటివి తెలుగులో ఉండవు కదా సార్? ఇంగ్లీషులోనే కదా ఉండేది?” అనెను. ఆ పుస్తకము ఆమె చేతికందు ఎత్తులోనే ఉండెను. నాలుగు సంవత్సరములు ఆ బీరువా ముందు నిలుచుండియు ఆమె దానిని చూడలేదు. చూపవలసినవాడనగు నేనును చూపలేదు.

పోవునది ఏమి?

ఆ బాలిక మాట చిన్నదైనను దానిలోని ప్రమాదము చిన్నది కాదు. మన పిల్లలకు ఇంట తెలుగు. బజారులోను, కార్యాలయములలోను కన్నడము. పై చదువులకు ఇంగ్లీషు. కొందరి యిండ్ల ఉర్దూ. మన మురుగమల్లలో అమ్మాజాన్ బావాజాన్ దర్గాకును, ముక్తీశ్వరాలయమునకును వచ్చు యాత్రికుల మాటలు ఒక గడియసేపు విన్నచో ఈ భాషలన్నియు చెవిని పడును. ఇన్ని భాషల నడుమ పెరుగుట మన పిల్లల భాగ్యమే. అయితే ఒక్కొక్క భాషకు ఒక్కొక్క పని మాత్రమే అని పిల్లవాడు చిన్ననాడే నిర్ణయించుకొన్నచో చిక్కు వచ్చును.

తెలుగులో కథలు మాత్రమే చదివిన బిడ్డ, తెలుగు అవ్వ చెప్పు కథలకును పాటలకును చాలిన భాషయనియు, జ్ఞానము వేరొక భాషలో ఉండుననియు అనుకొనును. తెలుగులో పాఠములు మాత్రమే చదివిన బిడ్డకు తెలుగు పరీక్షతోనే ముగిసిపోవును. ఈ ఇద్దరును పదవ తరగతి దాటిన పిమ్మట తెలుగు పుస్తకము తెరవరు. రేపు వారు తల్లిదండ్రులైనప్పుడు తమ పిల్లలను ఇట్టి పాఠశాలకు పంపుదురా? మాతృభాషలో ప్రాథమిక విద్యకు సౌకర్యములు కలిగించుటకు 1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చబడినది. చట్టము పాఠశాలను ఈయగలదు. చదువు రుచిని ఈయజాలదు. అది ఇంటను, గ్రంథాలయమునను పుట్టవలెను.

పెద్దలు చూపిన త్రోవ

తెలుగువారికి ఈ ఆలోచన క్రొత్తది కాదు. కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావుగారు మున్నగువారు 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని స్థాపించిరి. ఆ మండలి మొదటి ప్రచురణ గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము. తరువాత చరిత్రములు, ప్రకృతిశాస్త్ర గ్రంథములు తెలుగున వెలువడినవి. అంతటితో ఆగక ఆ మండలివారు నవలలకు పోటీలు పెట్టి బహుమతులిచ్చిరి. శాస్త్రము ప్రచురించువారు కథను చిన్నచూపు చూడలేదు. రెండును ఉన్నచోటనే చదువరులు పెరుగుదురని వారు ఎరిగియుండిరి.

మరియొక నిదర్శనము. కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానములు ప్రారంభమైన 1955లో తెలుగునకు వచ్చిన మొట్టమొదటి బహుమానము నవలకుగాని కావ్యమునకుగాని కాక, సురవరము ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు లభించినది. మన పూర్వులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, దేనిని నమ్మిరి అను విషయములను ఆయన అందు వివరించెను. ఆ సమాచారమును ఎక్కడనుండి తెచ్చెను? చాలవరకు పాత కావ్యములనుండియే. అనగా ఒకనాటి కవి కల్పించిన కథ నేటి చరిత్రకారునికి సాక్ష్యమైనది. కథ వేరు, చరిత్ర వేరు అని గోడ కట్టువారు ఈ యొక్క గ్రంథమును చూచిన చాలును.

జంట పుస్తకములు

రాగిముద్ద ఎంత బలమిచ్చినను పులుసు లేక మ్రింగుడు పడదు. పులుసు ఎంత రుచియైనను ముద్ద లేక ఆకలి తీరదు. అందుచే నేను పిల్లలకు పుస్తకములను జంటలుగా ఇచ్చుచున్నాను. ఒకటి కథ, ఒకటి కథేతరము. రెంటికి నడుమ ఏదో యొక సంబంధము. మీ ఇండ్లకు అనువగు కొన్ని జంటలను ఇచట సూచించుచున్నాను.

మొదటి జంట చిన్న తరగతులవారికి. ‘చందమామ’ 1947 జూలైలో తెలుగునను తమిళమునను ప్రారంభమైనది. తరువాత కన్నడమునను వచ్చినది. మీలో ననేకులు దానిని చదివి పెరిగినవారే. ఆ పత్రిక నిలిచిపోయినను పాత సంచికలు చాల యిండ్లలో నున్నవి. దానికి తోడుగా శాస్త్రజ్ఞుడగు మహీధర నళినీమోహన్‌గారి ‘కేలండర్ కథ’, ‘పిడుగు దేవర కథ’ ఈయవచ్చును. పేరులో కథ యున్నను అవి విజ్ఞాన గ్రంథములు. చందమామను 1952 మొదలు 1980 వరకు తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావుగారు కథకులు. వారి కుమారుడు రోహిణీప్రసాద్‌గారు అణుశాస్త్రజ్ఞులై ‘విశ్వాంతరాళం’ వంటి గ్రంథములు వ్రాసిరి. తండ్రి కథలు చదివిన బిడ్డ పెద్ద తరగతికి వచ్చినపుడు కుమారుని శాస్త్రము చదువవచ్చును. ఒకే ఇంటినుండి రెండును వచ్చినవని పిల్లలకు చెప్పిన సంతోషింతురు.

రెండవ జంట ప్రయాణములది. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి ‘బారిస్టరు పార్వతీశము’ మొదటి భాగము 1924లో వెలువడినది. మొగలితుఱ్ఱునుండి ఇంగ్లండుకు బయలుదేరిన అమాయకుని చూచి పిల్లలు కడుపుబ్బ నవ్వుదురు. నవ్విన పిమ్మట ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్ర చరిత్ర’లోని కొన్ని పుటలు చదివింపవలెను. 1830లో చెన్నపట్టణమునుండి పరివారముతో కాశికి బయలుదేరి మరుసటి సంవత్సరము తిరిగివచ్చిన ఆయన, దారిలోని ఊళ్లను, నదులను, జనుల ఆచారములను దినచర్యగా వ్రాసికొనెను. భాష పాతది గనుక పెద్దలు ప్రక్కన కూర్చుండవలయును.

మూడవ జంట ఒకే గ్రంథకర్తది. కందుకూరి వీరేశలింగము పంతులుగారి ‘రాజశేఖర చరిత్రము’ 1878 నాటి నవల. మూఢనమ్మకములును, బంగారము చేసి యిత్తుననిన బైరాగి మోసమును ఒక కుటుంబమును ఎట్లు కూల్చినవో అందు చూడవచ్చును. ఆయన ‘స్వీయచరిత్రము’ చదివినచో, అట్టి నమ్మకములతో ఆయన నిజముగా పోరాడిన వృత్తాంతము తెలియును. ఉన్నత తరగతులవారికి ఇది మేలైన జంట.

నాలుగవ జంట మన సేద్యమునకు దగ్గరిది. చిత్తూరు సీమ పల్లె బ్రతుకును వ్రాసిన ఉపాధ్యాయుడు మధురాంతకం రాజారాంగారి కథలు, అనంతపురపు మెట్ట రైతును వ్రాసిన సింగమనేని నారాయణగారి కథలు చదివినపుడు మన పిల్లలకు అందలి మనుష్యులు పరాయివారుగా తోచరు. మదనపల్లె వైపును, హిందూపురము వైపును మన చుట్టములే గదా! వీటికి జతగా నేలను, నీటిని, చెఱువులను గూర్చిన యేదైన సులభ గ్రంథమును ఈయవలెను. ఎండిన బోరుబావిని చూచి పెరుగు బిడ్డకు దాని దుఃఖము కథ తెలుపును; దాని కారణము శాస్త్రము తెలుపును.

మన జిల్లాలోనే మరియొక జంట కలదు. మన చింతామణి తాలూకాలోని కైవారము తాతయ్యగారు, అనగా యోగి నారేయణులు, తెలుగునను కన్నడమునను తత్త్వములు రచించిరి. చిక్కబళ్లాపురము చెంత ముద్దేనహళ్లిలో జన్మించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు, 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచిన పిమ్మట, ఆ నగరమునకు వరద ముప్పు తప్పించు జలాశయముల ప్రణాళికను రచించిరి. తత్త్వమును, ఇంజనీరు జీవితచరిత్రమును ఒకే వారములో చదివిన బాలునికి, ఈ కరవు నేల రెండు విధములగు జ్ఞానమును పండించినదని తెలియును.

కన్నడమును విడువరాదు

తెలుగు చదువుమనుట కన్నడము మానుమనుట కాదు. మనము పుట్టి పెరిగిన రాష్ట్రపు భాషలోని మంచి పుస్తకములు మన పిల్లలకును హక్కైనవే. అచటను ఇట్టి జంటయే కలదు. ముళబాగిలున జన్మించిన డి.వి. గుండప్పగారు కవియు తత్త్వవేత్తయు. వారి కుమారుడు బి.జి.ఎల్. స్వామిగారు వృక్షశాస్త్రజ్ఞులు. కొండలలో చెట్టుచేమలను పరిశీలించిన అనుభవములను హాస్యముతో వ్రాసిన స్వామిగారి ‘హసురు హొన్ను’కు 1978లో సాహిత్య అకాడెమీ బహుమానము వచ్చినది. దానికి తోడు పూర్ణచంద్ర తేజస్విగారి ‘కర్వాలో’ చదివినచో, ఎగురు బల్లిని వెదకు శాస్త్రజ్ఞుని కథలో నవలయు ప్రకృతిశాస్త్రమును ఎట్లు కలిసిపోయినవో తెలియును. నేషనల్ బుక్ ట్రస్టువారు నెహ్రూ బాలపుస్తకాలయము పేర చిన్న పుస్తకములను అనేక భాషలలో ప్రచురించుచున్నారు. ఒకే పుస్తకము తెలుగునను కన్నడమునను దొరికినచో రెంటిని కొనుట మంచిది. ఒక భాషలో తెలియని మాట రెండవ భాషలో తెలియును.

ఇంటియొద్ద చేయవలసినది

ఒకటి: నెలకు రెండు పుస్తకములు చాలును. కథ ముందు, కథేతరము తరువాత. క్రమము తారుమారైనను తప్పు లేదు. ఒకటి మాత్రము విడువరాదు. రెండు: పిల్లవాడు పుస్తకము ముగించిన పిమ్మట ప్రశ్నలడిగి పరీక్ష పెట్టవలదు. భోజనమువేళ “ఏమి చదివితివి? మాకును చెప్పు” అన్న చాలును. మూడు: ప్రతి పుస్తకము ప్రతి వయస్సునకు తగదు. పాలగుమ్మి పద్మరాజుగారి ‘గాలివాన’ 1952 నాటి అంతర్జాతీయ కథల పోటీలో రెండవ బహుమతి పొందిన గొప్ప కథయే అయినను, దానిని పదవ తరగతి దాటినవారికి ఉంచుట మేలు. సందేహము కలిగినచో ఉపాధ్యాయులను అడుగుడు. నాలుగు: పరీక్షల నెలలో పుస్తకము తగ్గింపుడు, తాళము వేయకుడు. ఆ తప్పు నేను చేసి చూచితిని.

మాకు తెలుగు చదువ రాదే అని కొందరు తల్లులు సంకోచింతురు. వారికి నేను చూచినది చెప్పెదను. ఒక యింట మనుమరాలు తాతయ్యగారి తత్త్వములను పైకి చదువుచుండగా, అక్షరమెరుగని అవ్వ ప్రక్కన కూర్చుండి, “ఆ మాట అట్ల కాదే, ఇట్ల” అని దిద్దుచుండెను. అవ్వకు పాట వచ్చును, లిపి రాదు. బిడ్డకు లిపి వచ్చును, పాట రాదు. ఇద్దరును కలిసినప్పుడు చదువు పూర్తియైనది. వినుటకు కూర్చుండిన పెద్దలున్న ఇంట బిడ్డ చదువక మానడు.

చివరగా ఒక మనవి. పుట్టినరోజునాడు బడిలో మిఠాయి పంచుట మన పిల్లలకు వేడుక. ఆ మిఠాయిని కొంత తగ్గించి, బిడ్డ పేర ఒక కథాపుస్తకము, ఒక విజ్ఞాన గ్రంథము మన బీరువాకు ఈయుడు. వానిపై బిడ్డ పేరు వ్రాసి భద్రపరచెదము. గ్రహణమును గూర్చి అడిగిన ఆ బాలిక, పుస్తకమును పది దినములు ఉంచుకొని తిరిగి యిచ్చుచు, “ఇట్లాంటిది ఇంకొకటి ఉందా సార్?” అని అడిగెను. ఆ ప్రశ్నకు ఎల్లప్పుడును “ఉన్నది” అని చెప్పగలుగుట మీ చేతిలోను మా చేతిలోను కలదు.