బృహద్ధమనికి కూడా జబ్బులొస్తాయి



పరీక్షలో "శరీరంలో అతి పెద్ద ధమని ఏది?" అని ఒక మార్కుకు అడుగుతారు. బృహద్ధమని అని రాస్తాం, మర్చిపోతాం. అది ఎడమ జఠరికలో మొదలై, చేతికర్ర పిడిలాగా వంగి, వెన్నెముక ముందర కిందికి దిగి, బొడ్డు దగ్గర రెండు పాయలవుతుంది. పెద్దవాళ్లలో 2 నుంచి 3 సెంటీమీటర్ల లావు. గోడకు మూడు పొరలు. నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం దాంట్లోనే పోతుంది.

మొదటి జబ్బు ఉబ్బు. మన చేన్ల దగ్గర బోరు పైపు పాతబడితే ఒక చోట బుడ్డలాగా లేస్తుంది చూడండి, అట్లనే. బీపీ, బీడీ సిగరెట్లు, ముసలితనం గోడను బలహీనం చేస్తాయి. కొందరికి పుట్టుకతోనే గోడ మెత్తగా ఉంటుంది. ఉబ్బుకు చాలాసార్లు నొప్పే ఉండదు. పొట్టలో ఉంటే స్కానింగులో దొరుకుతుంది. చిన్నదైతే మందులు ఇచ్చి, అప్పుడప్పుడు స్కానింగు చేసి కొలుస్తారు. పొట్టలోది 5 లేక 5.5 సెంటీమీటర్లయితే ఆపరేషన్ మాట ఎత్తుతారు. ఐన్‌స్టీన్‌కు ఇదే జబ్బు. 1948లో డాక్టరు నిస్సెన్ ఆ ఉబ్బు చుట్టూ సెల్లోఫేన్ కాగితం చుట్టినాడు. మిఠాయిలకు చుట్టే రకం కాగితమే! ఆయన ఇంకా ఆరేండ్లకు పైగా బతికి, అది పగిలి 1955 ఏప్రిల్ 18న చనిపోయినాడు.

రెండోది చీలిక. ఇది భయంకరం. మా నాయనమ్మను మేము దాది అంటాం. దాది రెండు పొరల గుడ్డ కలిపి కుడుతుంది. లోపలి కుట్టు తెగితే పొరల మధ్య సందు అవుతుంది గదా, అట్లనే ధమని లోపలి పొర చిరిగి రక్తం సందులో దూరుతుంది. ఛాతీలోనో వీపులోనో ఒక్కసారిగా చీల్చినట్లు నొప్పి. మా తండాలో ఛాతీ నొప్పి అంటే వాయువు అంటారు, సోడా తాగిస్తారు. అది తప్పు. గుండెకు దగ్గర భాగం చీలితే మొదటి రెండు రోజులు గంట గంటకూ ప్రాణాపాయం పెరుగుతుంది. 108కు ఫోన్ చేయాలి.

డాక్టర్లు రెండు చేతులకూ బీపీ చూస్తారు. 20 కంటే ఎక్కువ తేడా ఉంటే అనుమానం. తర్వాత రంగుమందు ఎక్కించి సీటీ స్కాన్. బీపీని, గుండె వేగాన్ని సూదిమందుతో తగ్గిస్తారు. పై భాగం చీలితే వెంటనే ఆపరేషన్ చేసి గుడ్డ గొట్టం కుడతారు. కింది భాగమైతే చాలామందికి ముందు మందులే. ఆ గుడ్డ గొట్టాలను 1950లలో అమెరికాలో డాక్టరు డిబేకీ ఇంట్లో కుట్టుమిషన్ మీద కుట్టి చూసినాడు. 2005లో ఆయనకే, 97 ఏండ్ల వయసులో, చీలిక వచ్చింది. ఆపరేషన్‌తో బతికి 2008 దాకా ఉన్నాడు.

మూడోది పుట్టుకతో వచ్చే ఇరుకు. చేతుల్లో బీపీ ఎక్కువ, కాళ్లలో నాడి తక్కువ. మేము క్లాసులో మణికట్టు నాడి, చీలమండ లోపలి వైపు నాడి పట్టి చూసుకున్నాం. కాలి నాడి దొరకడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది, కాబట్టి దొరకలేదని ఎవరూ ఏడవొద్దు! డాక్టరైతే గజ్జల్లో పట్టి చూస్తాడు. ఈ ఇరుకును ఆపరేషన్‌తోనో బెలూన్‌తోనో సరిచేస్తారు.

మన ఓబులదేవరచెరువుకు దగ్గర్లోనే, పుట్టపర్తి పక్కన ప్రశాంతిగ్రామ్‌లో గుండె ఆపరేషన్లు డబ్బు తీసుకోకుండా చేసే పెద్దాసుపత్రి ఉంది. 1991 నవంబరు 22న ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు దాన్ని ప్రారంభించినారు.

మా దాదికి బీపీ ఉంది. "నొప్పి లేదు గదే, మాత్ర ఎందుకు?" అని మానేసింది. నేనొక లెక్క వేసినాను. నిమిషానికి 70 సార్లు, రోజుకు 1440 నిమిషాలు, మొత్తం 1,00,800. రోజూ లక్ష దెబ్బలు ఆ గోడకు తగులుతాయి, బీపీ ఉంటే ప్రతి దెబ్బా గట్టిగానే. దసరా సెలవుల్లో చెప్తాను. దాదికి చదువు రాదు గానీ లక్ష అంటే ఎంతో బాగా తెలుసు, చెనక్కాయ పంటకు చేసిన అప్పు అంతే.

— తొమ్మిదో తరగతి