మన ఊరి చీకటి, మన చుక్కలు



కరెంటు పోతే మనకు విసుగు. కానీ అమావాస్య దగ్గర్లో కరెంటు పోయిన రాత్రి డాబా ఎక్కినవారికి తెలుసు, ఆకాశంలో ఎన్ని చుక్కలున్నాయో. నగరాల్లో పెరిగే పిల్లలు చాలామంది పాలపుంతను పుస్తకంలో బొమ్మగానే చూస్తారు. ముండ్లమూరు, దర్శి, మార్కాపురం, గిద్దలూరు పల్లెల వాళ్లం మనం దాన్ని పైసా ఖర్చు లేకుండా చూస్తున్నాం. ఇది ఎంతకాలం ఉంటుంది?

హైదరాబాదులో జరిగింది చూడండి. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండులో కొన్న టెలిస్కోపుతో తన ఎస్టేటులో వేధశాల పెట్టాడు. అదే నిజామియా వేధశాల. ఆయన తర్వాత నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకు మార్చింది. ప్రపంచ దేశాలు కలిసి తయారుచేసిన నక్షత్ర పట్టికలో హైదరాబాదు వంతుగా అక్కడ లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచారు. తర్వాత నగరం పెరిగింది, దీపాలు పెరిగాయి. దాంతో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఊరికి దూరంగా జపాల్-రంగాపూర్‌లో కొత్త వేధశాల కట్టి, 1968లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టింది. నగరం వెలుగు చివరికి ఆ దిక్కుకూ పాకింది.

దీపం నేలమీద ఉంటే ఆకాశం ఎందుకు పాడవుతుంది? పైకి, పక్కలకు పోయే కాంతి గాలిలోని దుమ్ముకు, తేమకు తగిలి చెదిరిపోతుంది. ఆకాశమంతా పల్చటి పాలరంగు తెరలా కమ్ముకుంటుంది. పాత సోడియం దీపాల పసుపు వెలుగు కంటే ఇప్పటి తెల్లని ఎల్‌ఈడీలలో నీలం పాలు ఎక్కువ, నీలం కాంతి ఎక్కువగా చెదురుతుంది. 2011 నుంచి 2022 వరకు సామాన్య ప్రజలు కంటితో చూసి పంపిన 51 వేలకు పైగా పరిశీలనలను శాస్త్రవేత్తలు 2023లో లెక్కగట్టారు. అవి ఎక్కువగా యూరప్, అమెరికాలవి. ఆకాశపు వెలుగు సగటున ఏటా 9.6 శాతం పెరిగిందని తేలింది. ఈ లెక్కన 250 చుక్కలు కనిపించే చోట పుట్టిన బిడ్డకు 18 ఏళ్లు వచ్చేసరికి 100 మిగులుతాయి.

మనం పోగొట్టుకునేది ఏమిటో కూడా తెలియాలి. మనం భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 16 డిగ్రీల్లో ఉన్నాం. చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. ధ్రువ నక్షత్రం ఉత్తరాన ఒకటిన్నర పిడికిళ్ల ఎత్తులోనే ఉంటుంది. అంత కిందికి ఉందని బాధపడనక్కర్లేదు, దానికి బదులు దక్షిణాకాశం మనకు బాగా తెరుచుకుంది. ఫిబ్రవరి రెండో వారంలో రాత్రి 9 గంటలకు దక్షిణాన రెండు పిడికిళ్ల ఎత్తులో అగస్త్య నక్షత్రం వెలుగుతుంది. ఢిల్లీలో అది ఒక పిడికిలి ఎత్తు కూడా రాదు. మే మధ్యలో అదే వేళకు అదే దిక్కున త్రిశంకు కనిపిస్తుంది. అప్పుడు సెలవులు కాబట్టి మీ ఊళ్లోనే చూడండి. మార్చిలో పదో తరగతి పరీక్షలకు తెల్లవారుజామున 4 గంటలకు లేచేవాళ్లు పుస్తకం తీసేముందు ఆగ్నేయం వైపు చూస్తే పాలపుంత నడిమి భాగం కనిపిస్తుంది.

ఇవన్నీ దక్షిణాన కింద ఉండేవే. ఆ దిక్కున దీపాలు పెరిగితే ముందుగా పోయేవి ఇవే. మనకు ఆ వైపు ఉన్నది చీమకుర్తి. నల్లరాతిలో చుక్కలు మెరుస్తాయని అక్కడి గ్రానైట్‌కు 'బ్లాక్ గెలాక్సీ' అని పేరు పెట్టి దేశదేశాలకు అమ్ముతున్నారు. అసలు గెలాక్సీని చూడటానికి మాత్రం కొనేవాడు లేడు!

అలాగని దీపాలు తీసేయమని నేను అనను. రాత్రిపూట బాత్రూముకు వెళ్లే పిల్లలకు పాము, తేలు భయం ఉంది. ఆడపిల్లల హాస్టల్లో వెలుతురు భద్రత కూడా. అయితే ఆ వెలుతురు కాళ్ల దగ్గర పడాలి గాని ఆకాశంలో కాదు. బల్బుపైన, పక్కల రేకు టోపీ పెడితే నేలమీద వెలుతురు తగ్గదు, పైకి పోయేది ఆగుతుంది. ఆ పని ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి, మీరు స్తంభం ఎక్కవద్దు. వీధి దీపాలు మార్చేటప్పుడు పసుపు రంగువి వేయమని పంచాయతీకి అర్జీ పెట్టవచ్చు. లద్దాఖ్‌లోని హాన్లేలో 2022లో చీకటి ఆకాశాన్నే రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. గ్రామస్థులకు టెలిస్కోపులు ఇచ్చి, వచ్చినవారికి ఆకాశం చూపించడం నేర్పారు. కొందరికి అది జీవనాధారమైంది. నల్లమల పక్కనున్న మన పల్లెలకు ఆ ఆలోచన ఎందుకు రాకూడదు?

చూడటానికి ఎక్కడికి వెళ్లాలంటే, నల్లమల లోపలికి మాత్రం వద్దు. అది పులుల అభయారణ్యం, రాత్రిళ్లు దోర్నాల-శ్రీశైలం దారే మూసేస్తారు. కంభం చెరువు కట్టలాంటి తెరిపి చోటు, లేదా ఊరి బయట కోతలైన చేను చాలు. పెద్దవాళ్లెవరినైనా తోడు తీసుకెళ్లండి. అమావాస్యకు ముందు వెనుక వారం రోజులు మంచివి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నిమిషాలు పడుతుంది. ఒక్కసారి సెల్‌ఫోన్ తెరిచారా, మళ్లీ మొదటికే! టార్చికి ఎర్రగుడ్డ కట్టుకోండి.

చివరగా ఒక పని. హాస్టల్లో ఒక నోటుబుక్కు పెట్టండి. ఏటా ఫిబ్రవరిలో అమావాస్య నాడు రాత్రి 8 గంటలకు పదిమంది కలిసి పిల్లలకోడిలో ఎన్ని చుక్కలు కనిపిస్తున్నాయో విడివిడిగా లెక్కపెట్టి రాయండి. మంచి చీకట్లో మామూలు కంటికి ఆరు కనిపిస్తాయి. తేదీ, చూసిన చోటు, మబ్బు ఉందో లేదో కూడా రాయాలి. వచ్చే వార్షికోత్సవ సంచికలో ఆ అంకెలు అచ్చు వేయిద్దాం.