దీనియాత్ పిరియడ్‌లో వెనక బెంచీ



సొసైటీ సంచికలో ఏటా పదో తరగతి ఫలితాలు, కొత్త గదుల ఫొటోలు వేస్తాం. ఈసారి మన బడిలో జరిగిన ఒక పొరపాటు గురించి రాస్తానంటే పెద్దలు ఒప్పుకున్నారు. పొరపాటులో నా వంతే ఎక్కువ.

నేను ఇరవై ఎనిమిదేళ్లుగా సాంఘిక శాస్త్రం చెబుతున్నాను. కిందటేడు పదో తరగతికి ప్రాథమిక హక్కులు చెబుతూ 28వ అధికరణానికి వచ్చాను. గబగబా చెప్పి దాటేసే పాఠం అది. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండకూడదు. ప్రభుత్వ గుర్తింపు లేదా ప్రభుత్వ సహాయం పొందిన సంస్థల్లో మాత్రం, సమ్మతి లేకుండా ఎవరినీ మతబోధకు గానీ ప్రార్థనకు గానీ హాజరు కమ్మని చెప్పకూడదు. మైనరైతే సంరక్షకుల సమ్మతి కావాలి. ఇదంతా బోర్డు మీద రాశాను. రెండో బెంచీలోని అమ్మాయి లేచి, "సార్, మరి మన క్లాసులో వాళ్ల ముగ్గురినీ అడిగామా?" అంది.

ఆ ముగ్గురూ వెనక బెంచీలోనే ఉన్నారు. రైసుమిల్లులో పనిచేసేవాళ్ల పిల్లలు, హిందువులు. బడి ఇంటికి దగ్గరనీ, ఫీజు తక్కువనీ ఇక్కడ చేర్చారు. వారానికి రెండుసార్లు దీనియాత్ పిరియడ్ ఉంటుంది. మౌల్వీ సాహెబ్ పాఠం చెబుతుంటే ఈ ముగ్గురూ లెక్కలు చేసుకుంటూనో, కిటికీలోంచి చూస్తూనో కూర్చునేవారు. ఆయన వాళ్లను పల్లెత్తు మాట అనలేదు, ఏదీ వల్లించమనలేదు. అలాగని అడగనూ లేదు, ఆయనా, నేనూ, అడ్మిషన్ ఫారం రాసినవాళ్లూ. బి.ఇడి.లో విలువల బోధన గురించి పేజీలకు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ని, ఆ అమ్మాయికి ఆ రోజు జవాబు చెప్పలేకపోయాను.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది మరొకటి. ధర్మం విషయంలో బలవంతం తగదని బోధించే బఖరా సూరా 256వ వాక్యాన్ని మన పిల్లలు దీనియాత్‌లో అర్థంతో సహా కంఠస్థం చేశారు. 28వ అధికరణం సోషల్ నోట్సులో ఉంది. రెండు నోటు పుస్తకాలూ ఒకే సంచిలో ఇంటికి పోయి వస్తున్నాయి. ఈ రెండూ ఒకే మాట చెబుతున్నాయని ఉపాధ్యాయులం ఏ రోజూ కలిపి చెప్పలేదు. రెండు పరీక్షలూ పాసయితే చాలనుకున్నాం.

ఆ ఆదివారం మౌల్వీ సాహెబ్, నేను మూడిళ్లకూ వెళ్లాం. ఒక తల్లి, "పోనీండి సారూ, వాడికి ఆ కథలంటే ఇష్టం, కూర్చోనీయండి" అంది. రెండో ఇంట్లో వద్దన్నారు, ఆ టైములో ఇంగ్లీషు చెప్పించమన్నారు. మూడో ఇంట్లో తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. వద్దంటే పిల్లను బడి మాన్పిస్తారని ఆయన భయం. మాన్పించమని మౌల్వీ సాహెబ్ రెండుసార్లు చెప్పాకే వద్దన్నాడు. వెనక బెంచీలో పిల్లలు నోరెత్తకుండా కూర్చుంటే ఇష్టంగానే ఉన్నారనుకున్నాను. ఆ ఇంటి గడప దిగాక మళ్లీ అలా అనుకోలేకపోయాను.

ఈ సంగతి తెలిశాక కొందరు దాతలు, తల్లిదండ్రులు నొచ్చుకున్నారు. "మన చందాలతో నడిచే బడిలో మన దీన్ చెప్పుకోవడానికి ఇంకొకరి అనుమతా?" అని నన్నే అడిగారు. వారి బాధ నాకు అర్థమవుతుంది. మైనారిటీలు తమ విద్యాసంస్థలు స్థాపించుకుని నడుపుకునే హక్కు 30వ అధికరణంలో ఉంది. మన పిల్లలకు దీనియాత్ చెప్పుకోవడాన్ని ఎవరూ కాదనడం లేదు. ఇతరుల బిడ్డను అందులో కూర్చోబెట్టే ముందు వాళ్ల అమ్మానాన్నలను అడగాలి, అంతే. సర్కారు నుంచి పైసా తీసుకోకపోయినా గుర్తింపు ఉన్న బడికి ఈ నిబంధన వర్తిస్తుంది. ఇంకొక మాట. మన పిల్లలు వేలమంది ఇతరుల యాజమాన్యాల బడుల్లో చదువుతున్నారు. అక్కడి ప్రార్థనలో నిలబడటం వాళ్లకు ఇబ్బందైతే మనం చూపించేదీ ఈ 28వ అధికరణాన్నే.

అలాగని ఆ పిల్లలకు ఇస్లాం గురించి ఏమీ తెలియకూడదనీ కాదు. మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి బోధించడం వేరు అని 1964-66 నాటి కొఠారీ కమిషన్ తేడా చూపింది. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా మతాల గురించి చదువుకోవడం 28వ అధికరణానికి విరుద్ధం కాదంది. కాబట్టి ఆరాధన, అఖీదా, ఖురాన్ పఠనం దీనియాత్‌లోనే ఉంచి, చరిత్రగా చెప్పదగినవి పౌరశాస్త్రంలోకి తెచ్చుకున్నాం. దానికి అందరూ కూర్చుంటారు.

మొదట తీసుకున్నది హిల్ఫుల్ ఫుజూల్. యెమెన్ నుంచి మక్కాకు వచ్చిన ఒక వర్తకుడి సరుకు కొని, అక్కడి పెద్దమనిషి ఒకడు డబ్బు ఎగ్గొట్టాడు. పరదేశికి అండగా వంశంవాళ్లు లేరు. అప్పుడు కొన్ని వంశాల పెద్దలు అబ్దుల్లాహ్ బిన్ జుద్ఆన్ ఇంట్లో కూడి, అన్యాయానికి గురైనవాడు ఎవరైనా సరే అతని పక్షాన నిలుస్తామని ప్రమాణం చేశారు. ప్రవక్త (స) యువకుడిగా అందులో ఉన్నారు. ప్రవక్తగా నియమితులైన తర్వాత కూడా, అలాంటి ఒప్పందానికి పిలిస్తే ఇప్పుడైనా వెళ్తానన్నారు. తక్కినవారు అప్పటికి ముస్లింలు కారు. ఈ సంగతి చెప్పి, "మన వీధిలో అండలేని పరదేశి ఎవరు?" అని అడిగాను. వెనక బెంచీ అబ్బాయే లేచి, మిల్లులో పనిచేసే ఒడిశా కూలీలకు రెండు నెలలుగా కూలి రాలేదని చెప్పాడు. అప్పుడు కనీస వేతనాల చట్టం పుస్తకంలోంచి క్లాసులోకి వచ్చింది. పిల్లలు ఆ కూలీల కోసం కార్మిక శాఖకు అర్జీ ముసాయిదా రాశారు. పెద్దవాళ్లు సంతకాలు పెట్టి పంపారు. ఒక నెల కూలి వచ్చింది. రెండోది ఇంకా రాలేదు.

ఈ జూన్ నుంచి అడ్మిషన్ ఫారంలో దీనియాత్‌కు సమ్మతి గడి పెట్టాం, తెలుగులోనూ ఉర్దూలోనూ. ముస్లిం తల్లిదండ్రులూ నింపాలి. చదవడం రానివారికి క్లర్కు చదివి వినిపించాలి. ముసాయిదా ఆ రెండో బెంచీ అమ్మాయి రాసిందే, నేను రెండు అక్షర దోషాలు దిద్దాను.

ఇక దాతలకు నా విన్నపం. దీనియాత్ సమయంలో సమ్మతి ఇవ్వని పిల్లలు ఇప్పుడు లైబ్రరీ గదిలో కూర్చుంటున్నారు. అక్కడ టీచరు లేరు, ఇంగ్లీషు చెప్పిస్తామన్న మాట ఇంకా మాటగానే ఉంది. కొత్త గది కట్టిస్తే గోడ మీద దాత పేరుంటుంది, వారానికి రెండు పిరియడ్లు చెప్పే పార్ట్‌టైమ్ టీచరు జీతానికి ఏ ఫలకమూ ఉండదు. ఆ జీతం కోసం నేను పెట్టిన అర్జీ సొసైటీ ఆఫీసులో ఉంది.