ముందు మీ దారి చెప్పండి

ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఫోర్ వీల్ డ్రైవ్ బళ్ల గురించే. కొన్నింట్లో ప్రశ్న కంటే అభిమానమే ఎక్కువ కనిపించింది. ఆ అభిమానాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అర్ధరాత్రి అడవిలోంచి ఇంటికి చేర్చిన బండి మీద ప్రేమ పుట్టడం సహజం. అయితే ఒకరి ప్రేమను చూసి ఇంకొకరు లక్షలు పోయకూడదు. ఈ నెల జవాబులన్నీ ఆ మాట మనసులో పెట్టుకునే రాశాను.

*

ప్రశ్న: అయ్యా, మాది పాడేరు దగ్గర పల్లె. నాలుగెకరాల కాఫీ, మధ్యలో మిరియాల పాదులు. తారు రోడ్డు నుంచి తోటకి మూడు కిలోమీటర్లు రాళ్ల దారి, దారిలో ఒక గెడ్డ దాటాలి. ఇన్నాళ్లూ అద్దె జీపుతోనే నెట్టుకొచ్చాం. ఇప్పుడు సొంత బండి కొందామంటే మా పెద్దబ్బాయి థార్ తప్ప ఇంకోటి వద్దంటున్నాడు. మా తోడల్లుడు జిమ్నీ కొని రెండేళ్లయింది, దాని ముందు ఏదీ పనికిరాదంటాడు. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను. ఏది కొనమంటారు?

జవాబు: మీరు దారి ఎంతో చెప్పారు, గెడ్డ సంగతి చెప్పారు. అందుకే మీకు సూటిగా జవాబు చెప్పగలను. చాలామంది బండి పేరు రాస్తారు గానీ అది నడవాల్సిన దారి సంగతి రాయరు.

ముందు వెడల్పు చూడండి. జిమ్నీ 1645 మిల్లీమీటర్లు, మూడు తలుపుల థార్ 1820. తేడా జానెడుకి కాస్త తక్కువ. హైవే మీద ఈ తేడా మీకు తెలియదు. ఒకవైపు గట్టు, ఇంకోవైపు లోయ, మధ్యలో వర్షానికి కోసుకుపోయిన దారి ఉన్నచోట మాత్రం ఆ కాస్తే మీ గుండె దడను తగ్గిస్తుంది. ఇక బరువు. జిమ్నీ పన్నెండు క్వింటాళ్ల బండి. డీజిల్ ఫోర్ బై ఫోర్ థార్ దానికంటే ఇంచుమించు ఐదు క్వింటాళ్లు ఎక్కువ. బురదలో తేలిక బండి తక్కువ దిగబడుతుంది, దిగబడినా నలుగురు పట్టి నెడితే కదులుతుంది.

జిమ్నీకి ముందూ వెనకా ఒకే కడ్డీలాంటి గట్టి ఇరుసులు. ఒక చక్రం రాయెక్కితే ఆ ఇరుసే రెండో చక్రాన్ని కిందికి నొక్కి నేలకు ఆనిస్తుంది. థార్‌కి వెనక అలాంటి ఇరుసే ఉన్నా, ముందు మాత్రం చక్రాలు వేటికవి విడిగా కదులుతాయి. అందువల్ల మంచి రోడ్డు మీద థార్ స్టీరింగు తీరుగా ఉంటుంది. మీ రాళ్ల దారిలో, నెమ్మదిగా వెళ్లేటప్పుడు, జిమ్నీది పైచేయి.

థార్‌కి బలం ఉన్నచోటు వేరు. దాని 2.2 లీటర్ల డీజిల్ ఇంజను 300 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది, అదీ తక్కువ చుట్ల దగ్గరే. జిమ్నీ 1.5 లీటర్ల పెట్రోలు ఇంజనుకి 134 మాత్రమే, దానికోసం ఇంజను బాగా తిప్పాలి. నలుగురు కూర్చుని, సామాను వేసుకుని ఘాట్ ఎక్కేటప్పుడు జిమ్నీ గేరు మార్చమని మళ్లీమళ్లీ అడుగుతుంది. థార్ అడగదు. నేలకూ బండికీ మధ్య ఎత్తు థార్‌కి 226 మిల్లీమీటర్లు, జిమ్నీకి 210. థార్ 650 మిల్లీమీటర్ల లోతు నీళ్లు దాటగలదని కంపెనీ చెబుతోంది. అయినా గెడ్డలోకి బండి దించే ముందు మీరు కర్రతో దిగి చూడండి. నీళ్ల లోతు కంటే అడుగున కదిలిన రాయే ఎక్కువ ప్రమాదం.

ఇంకో మాట. కాఫీ బస్తాలు మోయాలనుకుంటే ఈ రెండూ ఆ పనికి పుట్టిన బళ్లు కావు. రెండింటిలోనూ నాలుగే సీట్లు, వెనక చోటు తక్కువ. బస్తాలే ముఖ్యమైతే బొలెరో క్యాంపర్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న రకం చూడండి. అందం తక్కువే, కానీ తోట పని దానికి తెలుసు. ఫోర్స్ గూర్ఖా కూడా ఒకసారి నడిపి చూడండి. ముందు ఇరుసునూ వెనక ఇరుసునూ విడివిడిగా లాక్ చేసుకునే ఏర్పాటు కంపెనీ నుంచే వస్తుంది, 700 మిల్లీమీటర్ల నీళ్లు దాటుతుంది. కాకపోతే అది జిమ్నీ కంటే బాగా వెడల్పు, మీ గట్టు దగ్గర ఇబ్బంది పడొచ్చు.

నా మాట అడిగితే, మనుషులు తోటకి వెళ్లి రావడానికి జిమ్నీ. నెలలో నాలుగుసార్లు విశాఖ దాకా నిండు బండితో ఘాట్ దిగి ఎక్కే పనుంటే డీజిల్ థార్. రెండింటికీ టెస్ట్ డ్రైవ్ అడగండి, షోరూము ముందున్న రోడ్డు మీద కాకుండా మీ తోట దారిలో.

మీ తోడల్లుణ్ణి “బాగుందా?” అని అడక్కండి. బాగుందనే అంటాడు. “రెండేళ్లలో ఏం పాడైంది? ఎన్ని రోజులు షెడ్డులో ఉంది? ఆ పార్టు ఎక్కణ్నుంచి వచ్చింది?” అని అడగండి. బండిని ప్రేమించే మనిషికి దాని లోపాలు మిగతావాళ్ల కంటే బాగా తెలుస్తాయి. మనం అడగాలంతే.

*

ప్రశ్న: అన్నా, నేను రాజంపేట వాణ్ణి. కువైట్‌లో తొమ్మిదేళ్లుగా ఇంటి డ్రైవర్ను. చలికాలం వస్తే మా బాబా, అంటే యజమాని, వాళ్లు ఎడారిలో టెంట్లు వేస్తారు. పెద్ద కొడుకు నిస్సాన్ పట్రోల్ మనిషి, చిన్న కొడుకు ల్యాండ్ క్రూజర్ మనిషి. ఇసుకలో ఎవరి బండి ఆగినా రెండోవాడు నన్ను పిలిచి “నువ్వు చెప్పు, ఏది గొప్ప?” అంటాడు. ఏం చెప్పినా ఒకరికి కోపం. నిజం ఏందో చెప్పన్నా.

జవాబు: తమ్ముడూ, ఆ ఇద్దరికీ ముందు ఒక కథ చెప్పు. ఆ రెండు బళ్లూ ఒకే ఏడు, 1951లో, ఒకే దేశంలో పుట్టాయి. కొరియా యుద్ధం రోజుల్లో జపాన్‌లో పోలీసు రిజర్వు దళానికి జీపులాంటి బండి కావాల్సి వచ్చింది. టయోటా ఒకటి, నిస్సాన్ ఒకటి తయారుచేసి చూపించాయి. ఆర్డరు మాత్రం రెండింటికీ రాలేదు. అమెరికా విల్లీస్ జీపును లైసెన్సు మీద తయారుచేసే మిత్సుబిషికి దక్కింది. అలా ఓడిపోయిన రెండు బళ్లే తర్వాత ల్యాండ్ క్రూజర్, పట్రోల్ అయ్యాయి. మన మహీంద్రా 1947లో బిగించడం మొదలుపెట్టిందీ ఆ విల్లీస్ జీపునే.

ఇక తేడాలకొస్తే, 2010లో వచ్చిన పట్రోల్‌కి నాలుగు చక్రాలూ విడివిడిగా కదులుతాయి, ఇంజను 5.6 లీటర్ల వీ8. ఇసుక గుట్టల మీద అది పరుపులా పోతుంది. ల్యాండ్ క్రూజర్ వెనక గట్టి ఇరుసును వదల్లేదు. 2021లో వచ్చిన కొత్తదానిలో వీ8 తీసేసి 3.5 లీటర్ల వీ6 ట్విన్ టర్బో పెట్టారు. 2024లో కొత్త పట్రోల్ కూడా అదే బాట పట్టింది, అదీ 3.5 లీటర్ల వీ6 ట్విన్ టర్బోనే. గల్ఫ్‌లో ఇసుక పిచ్చి ఉన్నవాళ్లు ఇప్పటికీ పాత పట్రోల్‌ని, అదే 4.8 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజనుదాన్ని, వెతికి కొంటారు. ఎంత పెంచినా ఆ ఇంజను తట్టుకుంటుందని వాళ్ల నమ్మకం. ఊళ్లకు దూరంగా పనిచేసేవాళ్లు 1984 నుంచి వస్తున్న 70 సిరీస్ ల్యాండ్ క్రూజర్‌ని వదలరు. ఎవరి నమ్మకం వెనక వాళ్ల పని ఉంది.

ఇసుకలో ఆగడం మాత్రం బండి పేరును బట్టి కాదు, టైర్లో గాలిని బట్టి. రోడ్డు మీద 35 ఉంటే ఇసుకలో దిగేముందు 18 దాకా తగ్గించు. టైరు కింది భాగం పొడుగ్గా పరుచుకుని ఒంటె పాదంలా నిలుస్తుంది. రోడ్డెక్కేముందు మళ్లీ నింపు, తగ్గిన గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పేలుతుంది. గుట్ట దిగేటప్పుడు నిటారుగా దిగు, అడ్డంగా తిప్పితే బండి దొర్లుతుంది. చక్రం తిరుగుతూ కిందికే పోతుంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఆపేసి, చక్రాల ముందు ఇసుక తీసి, వచ్చిన జాడలోనే వెనక్కి రా.

తొమ్మిదేళ్లు రెండు బళ్లూ నడిపినవాడివి, ఆ ఇంట్లో ఈ విషయం నీకంటే తెలిసినవాళ్లు ఎవరూ ఉండరు. ఇద్దరికీ గాలి గేజీ ఒకటి చేతికివ్వు. ఎవరి బండి ఆగినా మొదట దాన్నే చూడమను.

*

ప్రశ్న: థార్ కొన్నాను, 1.5 డీజిల్. చూడ్డానికి ఫోర్ బై ఫోర్‌లాగే ఉంది. నంద్యాల దగ్గర మా రేగడి పొలానికీ, సూర్యలంక బీచికీ తీసుకెళ్లొచ్చా?

జవాబు: మీది వెనక చక్రాలకు మాత్రమే ఇంజను బలం వెళ్లే రకం. 2023 జనవరిలో వచ్చింది. ఊళ్లో తిరగడానికి మంచి బండి, కొన్నందుకు బాధపడకండి. కానీ పైన చొక్కా ఒకటే, లోపల మనిషి వేరు.

ఎండాకాలంలో పొలానికి హాయిగా వెళ్లండి. తొలకరి పడ్డాక రేగడిలోకి మాత్రం వద్దు. ఫోర్ బై ఫోర్ ఉన్నా నేను ఒకసారి అక్కడే చిక్కాను. చూస్తుండగానే నల్లమట్టి టైరు గాళ్లలో నిండిపోయి టైరు నున్నటి రోకలిబండలా అయింది. ఆపైన మట్టి మడ్‌గార్డు లోపలికి పేరుకుని చక్రమే బిగుసుకుపోయింది. పక్క చేలో రైతు ఇచ్చిన కొడవలి మొనతో గంటసేపు గీకాను. చివరికి ఆయన ట్రాక్టరే లాగింది. తడి రేగడిలో మంచి బండి కంటే రెండు రోజులు ఆగే ఓపిక మేలు.

బీచి మీదికి అసలే వద్దు, ఏ బండితోనూ. మన తీరంలో జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. పైన టైరు జాడ పడితే కింద ఏముందో మనకు కనిపించదు. రోడ్డు పక్కన బండి ఆపి, నడిచి వెళ్లండి.

*

ప్రశ్న: నమస్కారమండీ. మాది జంగారెడ్డిగూడెం. మా నాన్నగారు 1989లో కొన్న మహీంద్రా ఎంఎం 540 జీపు మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. మా మావయ్యది జిప్సీ. పండక్కి కలిస్తే ఇద్దరూ అన్నాలు చల్లారిపోయేదాకా వాదించుకునేవారు. నాన్నగారు పోయి ఏడాదైంది. తమ్ముడు జీపు అమ్మేసి జిమ్నీ కొందామంటున్నాడు. అది విని అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. జిమ్నీ కొనడం నాన్నగారి మాట కాదన్నట్టవుతుందని నాకూ ఉంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. ఇందులో బండి ప్రశ్న చిన్నది, ఇంటి ప్రశ్న పెద్దది. చిన్నది ముందు చెప్తాను.

మీ నాన్నగారూ, మావయ్యా ఇద్దరూ చెప్పింది నిజమే. ఎంఎం 540లో పూజో డీజిల్ ఇంజను. వేగం లేదు, చప్పుడు ఎక్కువ, అయినా బరువు లాగుతుంది, డీజిలుతో ఖర్చు కలిసొస్తుంది, ఏ ఊళ్లో ఆగినా విప్పి చూసే మెకానిక్ దొరికేవాడు. 1985 చివర్లో వచ్చిన జిప్సీది పెట్రోలు ఇంజను, మొదట 970 సీసీ, 1996 నుంచి 1.3 లీటర్లు. తేలిక బండి, ఎంతటి ఎత్తయినా మేకపిల్లలా ఎక్కేది, సైన్యం దాన్ని దశాబ్దాలపాటు వాడింది. కానీ పెట్రోలు తాగేది, వెనక కూర్చున్నవాళ్ల నడుములు విరిగేవి. ఆ రోజుల్లో మన్యం దారుల్లో రైతు బండిగా జీపే సరైనదని నా అభిప్రాయం. మీ మావయ్యగారు నన్ను మన్నించాలి.

ఇక పెద్దది. మీ నాన్నగారు చలికాలం పొద్దున్నే హీటరు తిప్పి, పది లెక్కపెట్టి, అప్పుడు సెల్ఫ్ కొట్టడం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ ఇంజనుకి అదే పద్ధతి. మీ అమ్మగారు ముప్పయ్యేళ్లకు పైగా నిద్రలేచింది ఆ చప్పుడుకే. ఆవిడ మాట్లాడకపోవడం జిమ్నీ మీద కోపంతో కాదు. ఆ చప్పుడు ఇంట్లోంచి వెళ్లిపోతుందని.

అందుకని రెండు పనులు విడివిడిగా చెయ్యండి. తమ్ముడికి రోజూ తిరగడానికి బండి కావాలి. జిమ్నీ కొనుక్కోనివ్వండి. 1970లో జపాన్‌లో మొదలైన ఆ చిన్న జీపు వంశంలోదే జిప్సీ కూడా, మావయ్యగారు సంతోషిస్తారు. నాన్నగారు తన రోజుల్లో తన దారికి తగిన బండి ఎంచుకున్నారు. తమ్ముడు చేస్తున్నదీ అదే.

జీపును మాత్రం అమ్మకండి, కనీసం ఇంకో ఏడాది. పదిహేనేళ్లు దాటిన బండి కాబట్టి రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి, ఫిట్‌నెస్ చూపించాలి. గడువు ఎప్పటిదాకా ఉందో ఆర్సీ తీసి చూడండి. షెడ్డులో ఊరికే నిలబెడితే బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి, ట్యాంకు లోపల తుప్పు పడుతుంది, ఎలుకలు వైర్లు కొరుకుతాయి. పదిహేను రోజులకోసారి స్టార్ట్ చేసి, ఇంజను వేడెక్కేదాకా ఊళ్లో ఒక చుట్టు తిప్పండి. గాజు లోటాలాంటి డీజిల్ ఫిల్టరు ఉంటే అడుగున నీళ్లు చేరాయేమో చూసి తీసేయండి. నాన్నగారి బండి చూసిన మెకానిక్ ఇంకా ఉంటే ఒకసారి ఇంటికి పిలవండి. ఆ బండి గురించి ఆయన చేతికి తెలిసింది ఏ పుస్తకంలోనూ లేదు, తమ్ముడు పక్కన నిలబడి నేర్చుకోవాలి. తిప్పేటప్పుడు అమ్మగారిని ముందు సీట్లో కూర్చోబెట్టుకోండి.

*

ప్రశ్న: కొత్తగా ఫోర్ బై ఫోర్ కొన్నాను. పట్టు బాగుంటుందని తారు రోడ్డు మీద కూడా 4హెచ్‌లోనే నడుపుతున్నాను. మలుపుల్లో స్టీరింగు బరువెక్కి, బండిని ఎవరో పట్టుకున్నట్టు కుదుపు వస్తోంది. షోరూము వాళ్లని అడగాలా?

జవాబు: ఇప్పటికి అవసరం లేదు. వెంటనే 2హెచ్‌లోకి రండి. మలుపులో ముందు చక్రాలు వెనక చక్రాల కంటే పెద్ద చుట్టు తిరగాలి. మీ బండిలో 4హెచ్ వేస్తే ముందు, వెనక షాఫ్టులు రెండూ ఒకదానికొకటి బిగుసుకుని ఒకే వేగంతో తిరుగుతాయి. మట్టిలో, ఇసుకలో అయితే చక్రం కాస్త జారి ఆ తేడా సర్దుకుంటుంది. పొడి తారు జారనివ్వదు కాబట్టి ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. ఇలాగే నడిపితే టైర్లు ముందు పోతాయి, తర్వాత ట్రాన్స్‌ఫర్ కేసు. వానలో బురద ఉన్నచోట, రాళ్లలో, ఇసుకలో మాత్రమే 4హెచ్. బాగా ఎత్తు ఎక్కాల్సినా, బ్రేకు తొక్కకుండా నెమ్మదిగా దిగాల్సినా బండి పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో పెట్టి 4ఎల్ వేయండి.

ఒక్కోసారి 4హెచ్ నుంచి లివరు బయటికి రాదు. బలంగా లాగకండి. స్టీరింగు తిన్నగా పెట్టి నాలుగు మీటర్లు వెనక్కి నడపండి, దానంతటదే వస్తుంది.