థంబ్‌నెయిల్ చూసి కోత కోయకండి: వాతావరణ వీడియోను ఎలా చూడాలి?

ఈ పాఠం వీడియో పైన ఉంది. వీడియోలో చెప్పడానికి టైం సరిపోని విషయాలు ఇక్కడ వివరంగా రాస్తున్నా. ఈసారి జీవామృతం గురించో, విత్తనశుద్ధి గురించో కాదు. నా వీడియో వల్ల ఒక రైతుకు జరిగిన నష్టం గురించి.

రెండేళ్ల కిందట, వానాకాలం వరి కోతకొచ్చే రోజుల్లో నేను ఒక వాతావరణ వీడియో పెట్టాను. ఆ రోజు వాతావరణ శాఖ బులెటిన్‌లో ఉన్నది ఇంతే: రాబోయే మూడు రోజుల్లో కొన్ని జిల్లాల్లో అక్కడక్కడా భారీ వర్షాలు పడే అవకాశం, పసుపు రంగు హెచ్చరిక. నేను పెట్టిన టైటిల్ మాత్రం "రైతులారా జాగ్రత్త! 48 గంటల్లో ముంచెత్తనున్న వానలు". థంబ్‌నెయిల్ మీద ఎర్ర రంగు, వెనకాల పంజాగుట్టలో నడుం లోతు నీళ్లలో ఆగిపోయిన కార్ల ఫోటో. ఆ ఫోటో ఆ ఏడాదిది కూడా కాదు.

మా ఊళ్లో నాకు బాబాయ్ వరసయ్యే ఒకాయన నన్ను చూసే ఆ ఏడు రెండెకరాలు ప్రకృతి వ్యవసాయంలోకి మార్చాడు. ఇంకో మూడెకరాలు మామూలు వరి. వీడియో వచ్చిన రాత్రే కోత మిషన్‌కు ఫోన్ చేసి, గంటకు ఎక్కువ ఇస్తానని చెప్పి తెల్లారేసరికి ఐదెకరాలూ కోయించేశాడు. ఇంకో వారం, పది రోజులు ఆగాల్సిన పంట అది. మా మండలంలో ఆ మూడు రోజులూ చినుకు పడలేదు. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు కదా, వడ్లు రోడ్డు మీద పోసి రోజుల తరబడి కావలి కాశాడు. దేశీ వడ్లు నేనే కొన్నాను. మిల్లు పట్టిస్తే నూక ఎక్కువ, బియ్యం తక్కువ.

నేను పోయి అడిగితే ఒక్క మాటే అన్నాడు: "నువ్వు చెప్పినవనే కోయించిన బిడ్డా."

"వీడియోలో అక్కడక్కడా అని చెప్పిన కదా బాబాయ్" అన్నాను.

"అది ఇనలే. వాట్సాప్‌ల ఫోటో వచ్చింది. పైన రాసింది చదివిన."

వీడియో ఆయన చూడనే లేదు. ఎవరో థంబ్‌నెయిల్‌ను స్క్రీన్‌షాట్ తీసి ఊరి గ్రూపులో పెట్టారు. నేను "అక్కడక్కడా" అన్నది నాలుగో నిమిషంలో. తర్వాత గ్రాఫ్ తీసి చూస్తే, వీడియో తెరిచిన వాళ్లలో కూడా చాలామంది రెండో నిమిషానికే వెళ్లిపోయారు. అంటే నేను చెప్పిన నిజం ఎవరికీ చేరలేదు, భయం మాత్రం అందరికీ చేరింది.

అమీర్‌పేటలో నేర్చుకున్న పాఠం

పంజాగుట్టలో మాకు దేశీ బియ్యం, గానుగ నూనెల చిన్న కొట్టు ఉంది. కొట్టు పెట్టిన కొత్తలో సరుకు అమ్ముకోవడానికి వీడియోలు చేయడం తెలియాలని అమీర్‌పేటలో, మైత్రీవనం దగ్గర ఒక డిజిటల్ మార్కెటింగ్ కోర్సులో చేరాను. వ్యవసాయ డిప్లొమాలో రెండేళ్లు నేర్చుకున్నది నేల గురించి. అమీర్‌పేటలో రెండు నెలలు నేర్చుకున్నది మనిషి వేలు ఎక్కడ ఆగుతుందో దాని గురించి.

అక్కడ చెప్పింది అబద్ధమేమీ కాదు. ప్లాట్‌ఫామ్ ముందుగా మన వీడియోను కొంతమందికి చూపిస్తుంది. చూపించిన ప్రతి వందమందిలో ఎంతమంది నొక్కారు అన్నది మొదటి లెక్క. యూట్యూబ్ చెప్పే ప్రకారం సగం ఛానళ్లకు ఇది 2 నుంచి 10 శాతం మధ్యే ఉంటుంది. నొక్కినవాళ్లు ఎంతసేపు చూశారు అన్నది రెండో లెక్క. 2012 నుంచి యూట్యూబ్ వ్యూస్ కంటే చూసిన సమయానికే ఎక్కువ విలువ ఇస్తోంది. ఈ రెండు లెక్కలూ బాగుంటే ఇంకా ఎక్కువమందికి చూపిస్తుంది. అంతే. చెప్పింది నిజమా కాదా, చెప్పిన చోట వాన పడిందా లేదా అన్న లెక్క అందులో లేదు.

విచిత్రం ఏంటంటే, మా కోర్సు జరిగిన చోటి నుంచి హైదరాబాద్ వాతావరణ కేంద్రానికి ఎంతో దూరం లేదు. అమీర్‌పేటలో బ్లూ లైన్ మెట్రో ఎక్కితే తర్వాతి స్టేషన్ బేగంపేట. అక్కడి పాత విమానాశ్రయం దగ్గరే కేంద్రం ఉంది. అక్కడ శాస్త్రవేత్తలు ఒక్కో మాట తూకం వేసి రాస్తారు. అదే మాట ఇటు అమీర్‌పేటలో నేర్చుకున్న మాలాంటి వాళ్ల చేతికి వచ్చేసరికి తూకం రాళ్లు పడిపోతాయి.

రాలిపోయే మూడు మాటలు

బులెటిన్ నుంచి థంబ్‌నెయిల్‌కు వచ్చే దారిలో మూడు మాటలు రాలిపోతాయి: ఎక్కడ, ఎప్పుడు, ఎంత. రైతుకు కావలసినవి సరిగ్గా ఆ మూడే.

ఎక్కడ: బులెటిన్‌లో "అక్కడక్కడా" అంటే ఊరికే వాడిన మాట కాదు. ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో 25 శాతం లేదా అంతకంటే తక్కువ చోట్ల అని లెక్క. "కొన్ని చోట్ల" అంటే 26 నుంచి 50 శాతం. "చాలా చోట్ల" అంటే 51 నుంచి 75. "దాదాపు అన్ని చోట్ల" అంటే 76 పైన. కాబట్టి "అక్కడక్కడా భారీ వర్షాలు" అని ఉంటే, నాలుగింట మూడు వంతుల చోట్ల భారీ వర్షం పడకపోయినా ఆ సూచన తప్పినట్టు కాదు.

ఎప్పుడు: మనవాళ్లు రోజు అంటే పొద్దున నుంచి రాత్రి వరకు అనుకుంటారు. వాతావరణ శాఖ లెక్కలో రోజు ఉదయం 8:30 నుంచి మర్నాడు ఉదయం 8:30 వరకు. "నిన్న 10 సెంటీమీటర్లు పడింది" అన్న వార్తలో ఈ రోజు తెల్లవారుజామున పడిన వాన కూడా కలిసి ఉండొచ్చు. ఇక వాట్సాప్‌లో తిరిగే వీడియో ఏ తేదీదో చాలాసార్లు తెలియనే తెలియదు.

ఎంత: "భారీ" అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు. "అతి భారీ" అంటే 115.6 నుంచి 204.4. ఆ పైన "అత్యంత భారీ". రంగులకూ అర్థం ఉంది. పసుపు అంటే గమనిస్తూ ఉండండి. నారింజ అంటే సిద్ధంగా ఉండండి. ఎరుపు అంటే చర్య తీసుకోండి. థంబ్‌నెయిల్‌లో మాత్రం అన్నీ ఎరుపే.

రోజూ ఎరుపు చూపిస్తే నిజంగా ఎరుపు వచ్చిన రోజు ఎవరూ కదలరు. 2023 జులై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడింది. అలాంటి రాత్రి మనిషి ఇల్లు వదిలి గుట్ట ఎక్కాలంటే హెచ్చరిక మీద నమ్మకం ఉండాలి. ఆ నమ్మకాన్ని నా వీడియో లాంటివి కొంచెం కొంచెం తినేస్తాయి.

పంజాగుట్టలో నీళ్లు, మన పొలంలో దుమ్ము

అమీర్‌పేట, పంజాగుట్ట రోడ్ల మీద గంట వాన పడితే చాలు, నీళ్లు నిలుస్తాయి. నేలంతా కాంక్రీటు, నాలాలు ఇరుకు. అక్కడ ఫోన్లు ఎక్కువ కాబట్టి వీడియోలు కూడా వెంటనే వస్తాయి. మా అమ్మ ఊరి నుంచి ఫోన్ చేసి "కొట్టు మునిగిందా నాయనా" అని అడుగుతుంది. నేను "మన చెలకల వాన పడ్డదా" అని అడిగితే, దుమ్ము లేస్తోంది అంటుంది.

రోడ్డు మునగడం కేవలం వాన లెక్క కాదు, నీళ్లు పోయే దారి లెక్క కూడా. ఆ వీడియో చూసి రాష్ట్రమంతా వాన పడిందనుకుని పత్తి గింజ పెట్టేస్తే, మొలక మాడిపోయాక మళ్లీ విత్తనం కొనాలి. మీ పొలంలో ఎంత పడిందో చెప్పేది మీ పొలంలోని తడే. జానెడు లోతు తవ్వి చూడండి, నగరం వీడియో చూడకండి.

పెద్ద శాస్త్రానికీ ఇదే గతి

రేపటి వాన సంగతే ఇలా ఉంటే, యాభై ఏళ్ల మార్పు చెప్పే శాస్త్రం సంగతి చూడండి. పుణెలోని ఐఐటీఎం శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్, మరికొందరు 2017లో ఒక పరిశోధన వెలువరించారు. 1950 నుంచి 2015 వరకు లెక్కలు తీస్తే, మధ్య భారతదేశంలో విస్తారంగా కురిసే అత్యంత భారీ వర్షాల ఘటనలు మూడు రెట్లు పెరిగాయని తేలింది. అదే కాలంలో మొత్తం వర్షపాతం మాత్రం తగ్గుతూ వచ్చింది. రైతుకు ఇందులో ఉన్న పాఠం చాలా పెద్దది: మొత్తం వాన తగ్గొచ్చు, పడినప్పుడు మాత్రం ఒక్కసారే కుమ్మరించొచ్చు. కాబట్టి కందకాలు, మల్చింగ్, నేలలో సేంద్రియ పదార్థం అన్నీ ఈ రెండింటినీ తట్టుకునేలా ఉండాలి.

ఇది థంబ్‌నెయిల్‌లోకి వస్తే "వానలు మూడు రెట్లు!" అవుతుంది. సగం నిజం పోయింది, మిగిలిన సగం తప్పుదారి పట్టించింది.

ఇంతకంటే చెడ్డది కుట్ర కథ. యోఆఖిమ్ ఆల్‌గైయర్ అనే పరిశోధకుడు 2019లో వాతావరణ మార్పుకు సంబంధించిన 200 యూట్యూబ్ వీడియోలు పరిశీలించి ఒక అధ్యయనం ప్రచురించారు. వాటిలో 107 వీడియోలు శాస్త్రవేత్తల ఏకాభిప్రాయానికి వ్యతిరేకంగా ఉన్నాయి. ఆ 107లో 91, విమానాల నుంచి రసాయనాలు చల్లుతున్నారనే కుట్ర కథను ప్రచారం చేసేవే. మన దగ్గరా చూశాం. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. అప్పుడు అక్కడికి వచ్చిన నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు, క్లౌడ్ బరస్ట్‌ల వెనక ఇతర దేశాల కుట్ర ఉందని కొందరు అంటున్నారు, ఎంతవరకు నిజమో తెలియదు అన్నారు. ఆ మాట దేశమంతా తిరిగింది. క్లౌడ్ బరస్ట్ అంటే చిన్న ప్రాంతంలో గంటకు 100 మిల్లీమీటర్ల స్థాయిలో కురిసే వాన. గోదావరి పొంగింది పరీవాహక ప్రాంతమంతా రోజుల తరబడి కురిసిన వానతో. ఈ వివరణ మాత్రం అంత దూరం తిరగలేదు.

కంపెనీలు ఏమీ చేయలేదని కాదు. వాట్సాప్ 2018లో మన దేశంలో ఫార్వర్డ్‌ను ఐదు చాట్లకు తగ్గించింది. ఎక్కువసార్లు తిరిగిన మెసేజ్‌ను 2020 నుంచి ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. వాతావరణ మార్పు అబద్ధమని చెప్పే వీడియోలకు ప్రకటనల డబ్బు ఇవ్వబోమని గూగుల్ 2021లో ప్రకటించింది. కానీ నా వీడియో ఏ నిబంధనకూ చిక్కదు. అందులో అబద్ధం లేదు, సైజు మాత్రమే పెంచాను.

మన ప్రకృతి వ్యవసాయం వీడియోలు కూడా

ఇతరులను అనేముందు మన ఇల్లు చూసుకోవాలి. "ఇది వేస్తే కరువు దరి చేరదు", "తుఫానుకు కూడా పడని వరి" లాంటి టైటిళ్లు మన దగ్గర తక్కువా? కప్పి ఉంచిన నేలలో తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది, అది నిజం. బోధన కట్టిన ఎత్తు దేశీ వరి గాలివానకు పడిపోతుంది, అదీ నిజం, నా పొలంలోనే పడింది. రెండోది చెప్పకుండా మొదటిదే చెబితే, కొత్తగా వచ్చిన రైతు మొదటి నష్టంతోనే వెనక్కి పోతాడు.

మంచి కూడా ఉంది

ఫోన్ పారేయమని నేను చెప్పను. ఒకప్పుడు సాయంత్రం రేడియోలో జిల్లాకు ఒక మాట వినేవాళ్లం. ఇప్పుడు రాష్ట్ర ప్రణాళికా సంస్థ ఆటోమేటిక్ కేంద్రాల నుంచి మండలాల వారీ లెక్కలు వస్తున్నాయి. తెలంగాణ వెదర్‌మ్యాన్ లాంటి ఔత్సాహికులు వాన ఎటు కదులుతోందో ఎప్పటికప్పుడు ఎక్స్‌లో పెడుతున్నారు. ఏ ప్రాంతం, ఏ సమయం అని చెప్పేవాళ్లు మనకు మేలు చేస్తున్నట్టే. బులెటిన్ భాష కష్టంగా ఉన్నప్పుడు దాన్ని మన మాటలో చెప్పేవాళ్లు కావాలి. అయితే చెప్పేటప్పుడు ఆ మూడు మాటలు పోకూడదు.

వాతావరణ వీడియో రాగానే చేయాల్సిన ఐదు పనులు

1. తేదీ చూడండి. తేదీ లేని స్క్రీన్‌షాట్‌ను లెక్కలోకి తీసుకోకండి. రెండు బాణాల గుర్తు ఉంటే అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం.

2. మీ జిల్లా పేరు ఉందా చూడండి. "తెలుగు రాష్ట్రాలు" అని మాత్రమే ఉంటే అది మీ గురించి కాదు.

3. "అక్కడక్కడా", "కొన్ని చోట్ల", "చాలా చోట్ల" అన్న మాటల్లో ఏది వాడారో, ఏ రంగు హెచ్చరికో చూడండి.

4. హైదరాబాద్ వాతావరణ కేంద్రం బులెటిన్‌తో సరిచూడండి. మంగళ, శుక్రవారాల్లో వచ్చే వ్యవసాయ వాతావరణ సలహా, మేఘదూత్ యాప్ కూడా చూడొచ్చు. పిడుగులకు దామిని యాప్ ఉంది.

5. ఖర్చు తక్కువ పని ముందు చేయండి. పసుపు హెచ్చరికకు టార్పాలిన్లు సర్దుకోండి, కాలువలు తీయండి, పిచికారీ వాయిదా వేయండి. పండని పంట కోయడం లాంటి వెనక్కి తీసుకోలేని పనికి ముందు, మీ జిల్లాకు హెచ్చరిక ఏ రంగులో ఉందో, గింజ ఎంత గట్టిపడిందో రెండూ చూసుకోండి.

నేను మార్చుకున్నది

ఆ వీడియో తీసేశాను. బాబాయ్‌కి దేశీ వడ్లకు ముందు అనుకున్న ధరే ఇచ్చాను. మిగతా మూడెకరాల నష్టం మాత్రం ఆయనదే అయింది.

ఇప్పుడు నా వాతావరణ వీడియోల టైటిల్ ఇలా ఉంటుంది: ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు, ఫలానా జిల్లాల్లో అక్కడక్కడా భారీ వర్షం, పసుపు హెచ్చరిక. థంబ్‌నెయిల్ రంగు బులెటిన్ రంగే. ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి పంపినా మూడు మాటలూ దాంతోపాటే వెళ్లాలని ఇలా పెడుతున్నా. వ్యూస్ తగ్గాయి, దాచేదేం లేదు. పోయిన కోతల ముందు బాబాయ్ ఫోన్ చేసి "పసుపేనా బిడ్డా, ఎరుపా?" అని అడిగాడు. పసుపే అన్నాను. "అయితే ఆగుత" అన్నాడు. ఆగాడు, గింజ గట్టిపడ్డాకే కోశాడు.

మీ ఊరి గ్రూపులో ఈసారి ఎర్ర థంబ్‌నెయిల్ వస్తే ఫార్వర్డ్ చేయకముందు ఒక్క ప్రశ్న వేయండి: ఎక్కడ, ఎప్పుడు, ఎంత? జవాబు లేకపోతే దాన్ని అక్కడే ఆపేయండి. వచ్చే వీడియోలో పసుపు హెచ్చరిక రోజున వరి కల్లం దగ్గర ఏమేం సర్దుకోవాలో పొలం నుంచే చూపిస్తా. ఉంటాను.