గర్భిణికి రక్తము కనబడినప్పుడు



మార్కు సువార్త 5వ అధ్యాయములో 12 ఏండ్లు రక్తస్రావముతో బాధపడిన స్త్రీని మీరెరుగుదురు. ఆమె జనములో దాగి, వెనుకనుండి వచ్చి ప్రభువు వస్త్రమును తాకినది. సమాజము ఆమెను మైలపడినదానిగా చూచినది గనుక దాగినది. ప్రభువు ఆమెను కసరలేదు. అందరి ఎదుట కుమార్తె అని పిలిచెను.

ఈ దాచుకొనుట మన ఇండ్లలో నేటికీ పోలేదు. ఒక రాత్రి ఒక ఇంటివారు నన్ను ప్రార్థనకు పిలిచారు. ఎనిమిదవ నెల కోడలికి మధ్యాహ్నము నుండి రక్తము పోవుచున్నది. నలుగురికి తెలిస్తే బాగుండదని అత్తగారు ఊరుకున్నారు. "ఫాదర్‌గారూ, తలమీద చేయిపెట్టి ప్రార్థించండి, తగ్గిపోతుంది" అన్నారు. "అమ్మా, ముందు 108కి ఫోను చేయించండి. బండి వచ్చేలోపు ప్రార్థించుదాము" అన్నాను. తల్లీబిడ్డా దక్కారు. తెల్లవారేదాకా ఆగియుంటే దక్కేవారు కారని డాక్టరుగారు తరువాత చెప్పారు.

1. తెలిసికొనవలసినవి

గర్భిణికి ఏ నెలలో రక్తము కనబడినా, కొంచెమైనా సరే, అదే రోజు డాక్టరుకు చూపవలెను. తొలి నెలలలో రక్తము కనబడినవారిలో చాలామందికి గర్భము నిలిచి ఆరోగ్యమైన బిడ్డ పుట్టుచున్నది. కాని కడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, కళ్ళు తిరుగుట ఉంటే గర్భము నాళములో నిలిచియుండవచ్చును. ఏడవ నెల తరువాత నొప్పిలేకుండ ఎర్రని రక్తము పోతే మాయ క్రిందికి ఉన్నదేమోనని అనుమానించవలెను. కడుపు రాయివలె బిగిసి నొప్పి పెడితే మాయ విడిపోయి ఉండవచ్చును. అప్పుడు బయటికి కనబడు రక్తము తక్కువైనా లోపల అపాయము ఎక్కువ. నాటు మంత్రసానిచేత లోపల పరీక్ష చేయించరాదు. స్కానింగు కాగితములు, రక్తము గ్రూపు రాసిన కార్డు వెంట తీసుకొని వెళ్ళండి. తల్లిది నెగెటివ్ గ్రూపు అయితే 72 గంటలలోపు యాంటీ-డి సూది అవసరమా అని అడగండి.

2. మనస్సాక్షి సందేహము

"నాళములో గర్భమైతే ఆపరేషనుకు ఒప్పుకొనుట పాపమా?" అని కొందరు అడుగుదురు. పగిలి తల్లి ప్రాణమును తీయుచున్న నాళమును తొలగించుట బిడ్డను చంపవలెనను ఉద్దేశముతో చేసినది కాదు. బిడ్డ మరణము అక్కడ కోరినది కాదు, తప్పించలేనిది. శ్రీసభ నీతిబోధకులు దీనిని భ్రూణహత్యగా ఎంచరు. ఈ సందేహముతో ఆలస్యము చేయకండి.

3. బిడ్డ దక్కనప్పుడు

"బరువులెత్తినది, గ్రహణము చూచినది, దేవుడు శిక్షించాడు" అని కోడలిని అనకండి. తొలి నెలలలో గర్భము పోవుటకు ఎక్కువగా బిడ్డ జీవకణములలోని లోపమే కారణము. తల్లి తప్పు కాదు. ప్రాణముతో ఉన్న బిడ్డకు అత్యవసరములో ఎవరైనను నీరుపోసి, పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున జ్ఞానస్నానమీయవచ్చును. జ్ఞానస్నానము లేక మరణించిన బిడ్డను శ్రీసభ దేవుని కనికరమునకు అప్పగించి నిరీక్షించుచున్నది. మేత్రాణులవారి అనుమతితో సమాధి ప్రార్థనలు కూడ జరుపవచ్చును. మీ విచారణ గురువును అడగండి. తండ్రి కూడ దుఃఖించుచున్నాడని మరువకండి.

4. విచారణ చేయవలసినది

ఇండియాలో వైద్యము లేక మరణించు తల్లులను, పసిబిడ్డలను గూర్చి చదివి, ఆస్ట్రేలియా డాక్టరు మేరీ గ్లోరీ 1920లో గుంటూరు వచ్చి మఠకన్య అయ్యారు. స్థానిక స్త్రీలకు వైద్యసేవలో శిక్షణ ఇచ్చారు. 1943లో కతోలిక ఆసుపత్రుల సంఘమును స్థాపించారు. 2013లో ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించారు. ఆమె నడచిన నేలమీద ఒక తల్లి రక్తము దొరకక చనిపోతే మనకు సిగ్గు కాదా?

రేపల్లె దాటి నిజాంపట్నం వైపు పల్లెల నుండి తెనాలి చేరుటకు గంటకు పైగా పట్టును. బాపట్ల పల్లెల నుండి గుంటూరు కూడ దూరమే. కనుక ప్రతి విచారణలో యువకులు తమ రక్తము గ్రూపు, ఫోను నెంబరు వ్రాసి ఉపదేశిగారికి ఇవ్వండి. ఆరోగ్యవంతుడైన పురుషుడు 3 నెలలకొకసారి రక్తమీయవచ్చును. ప్రతి గర్భిణి ఇంట, రాత్రివేళ వచ్చు బండి ఎవరిదో ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఈ ఆదివారము పూజ తరువాత ఇంట్లో కూర్చొని అడుగుకోండి: మన కోడలికి, కూతురికి కష్టము వస్తే భయపడక మనతో చెప్పుకొనగలదా? చెప్పుకొనగలిగిన ఇల్లే ప్రభువు కుమార్తె అని పిలిచిన ఇల్లు.