పిల్లలతో మట్టి పలకలు చేయిద్దాం

పెంకుటింట్లో ఉంటున్న వారు ఒక పాత బెంగుళూరు పెంకును తిరగవేసి చూడండి. దాని మీద గాడులు, గీతలు, కంపెనీ పేరు అచ్చులో దిగి కనిపిస్తాయి. మన దేశంలో ఇటువంటి పెంకుల కార్ఖానాను 1860లలో మంగుళూరులో బాసెల్ మిషన్ వారు స్థాపించారు. మెత్తని మట్టి మీద అచ్చు ఒత్తి, ఆరబెట్టి, కాల్చడమే ఆ పని. దానినే చిన్నగా మన పిల్లల చిత్రకళా క్లబ్బులో చేయించవచ్చు.

కావలసినవి:
కుమ్మరి వద్ద దొరికే శుభ్రమైన బంకమన్ను, పాత నూలు గుడ్డ, చపాతీ కర్ర, ఒక సెంటీమీటరు మందం గల రెండు చెక్క బద్దలు, స్కేలు, పదును లేని కత్తి. అచ్చులకు ఈనెలు తేలిన ఆకులు, గుండీలు, దువ్వెన, లేసు ముక్కలు, జంతికల గొట్టం బిళ్లలు.

చేసే విధానం:
1. మట్టిని చపాతీ పిండిలా బాగా పిసకాలి. వేలికి అంటుకోకూడదు, వంచితే పగలకూడదు.
2. గుడ్డ మీద ముద్ద పెట్టి, రెండు వైపులా బద్దలు ఉంచి, వాటి మీదుగా కర్ర దొర్లించాలి. అప్పుడు అంతటా ఒకే మందం వస్తుంది. లేకపోతే ఆరేటప్పుడు పగుళ్లు వస్తాయి.
3. 10 సెంటీమీటర్ల చదరంగా కోయాలి. ఆరి, కాలిన తరువాత ఇది సుమారు 9 సెంటీమీటర్లు అవుతుంది.
4. ఈనెలున్న వైపు మట్టికి ఆనేలా ఆకును పెట్టి, కర్ర దొర్లించి, తొడిమ పట్టుకుని మెల్లగా లేపాలి. ప్రతి బిడ్డ తన పలక మూలలో పావు చక్రం గీస్తే, నలుగురి పలకలు కలిపినప్పుడు నిండు చక్రం అవుతుంది. పిల్లలకు ఇది ఎంతో సంతోషం.
5. వారం పది రోజులు నీడలోనే ఆరబెట్టాలి. రోజుకొకసారి తిరగవేయాలి. ఎండలో పెడితే అంచులు ముందుగా ఆరి పైకి లేస్తాయి.

పలకను చెంపకు ఆనించినప్పుడు చల్లగా తగిలితే ఇంకా లోపల తడి ఉన్నట్లే. తడి పలకను ఆవంలో పెడితే నీరు ఆవిరై అది పగిలిపోతుంది. కాల్చే పని కుమ్మరికే అప్పగించండి. పిల్లలు దూరంగా ఉండాలి.

జాగ్రత్తలు:
- ఎండిన మట్టిని ఊడ్చవద్దు, గరుకు కాగితంతో రుద్దవద్దు. ఆ సన్నని దుమ్ము ఊపిరితిత్తులకు చెరుపు. తడిగుడ్డతో తుడవండి.
- సిందూరం, పాత పెయింట్లు పూయవద్దు. వాటిలో సీసం ఉండవచ్చు. రంగు కావాలంటే కాల్చక ముందు జాజు పూయండి.
- చేతికి గాయమున్న బిడ్డకు ఆ రోజు మట్టి పని వద్దు.
- పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించండి. గోళ్లలోని మట్టి కూడా పోవాలి.

మట్టి తినే బిడ్డను గమనించండి:
ఒకసారి క్లబ్బులో తొమ్మిదేళ్ల పాప ఎవరూ చూడకుండా మట్టి నోట్లో వేసుకోవడం చూశాను. తల్లి సిగ్గుపడి చెయ్యెత్తబోయింది. "కొట్టకమ్మా, రక్తపరీక్ష చేయిద్దాం" అన్నాను. హిమోగ్లోబిన్ 8.4 గ్రాములే ఉంది. ఆ వయసులో 11.5 కంటే తగ్గితే రక్తహీనతే. డాక్టరు గారు ఐరన్ మందు, నులిపురుగుల మాత్ర ఇచ్చారు. మందు మానకుండా వాడించారు. కొన్ని నెలలకు రక్తం పెరిగింది, మట్టి మీద కోరికా పోయింది.

తల్లులారా, మట్టి తినడం అల్లరి అనుకోవద్దు. చాలాసార్లు అది ఒంట్లో ఇనుము తగ్గిందని చెప్పే గుర్తు. బెదిరిస్తే బిడ్డ చాటుగా తింటుంది, జబ్బు ముదురుతుంది. కొట్టకుండా పరీక్షకు తీసుకురండి.

ఆ పాప మరుసటి సెలవుల్లో మళ్లీ క్లబ్బుకు వచ్చింది. వేపాకు అచ్చుతో ఆమె చేసిన పలక ఇప్పుడు వాళ్ల గుమ్మం పక్క గోడకు ఉంది.